ఇద్దరు జీనీలు, ఒకే రంగు: గంటస్తంభం దగ్గరి క్యాసెట్ల దుకాణంపై సమీక్ష

విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో, సన్నని మెట్లెక్కి పైఅంతస్తుకు చేరవలసిన ఒక గదిలో, పాత వీడియో క్యాసెట్లను పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఇచ్చే దుకాణం ఒకటి నడుస్తోంది. రెండు నెలల్లో నేను అక్కడికి ఐదుసార్లు వెళ్లాను. పదకొండు క్యాసెట్లు ఇచ్చి, పదింటిలోని బొమ్మను తెచ్చుకున్నాను. పదకొండోదాని సంగతి చివర చెబుతాను. దుకాణం పేరు ఇక్కడ రాయడం లేదు. మెచ్చుకోవలసినవి ఎన్ని ఉన్నాయో తప్పులూ దాదాపు అన్నే ఉన్నాయి, ఆ తప్పులు దిద్దడానికి దుకాణదారు పడిన శ్రమ కూడా నా కళ్లముందే జరిగింది.

ఆయనకు వచ్చే క్యాసెట్లు చాలావరకు పెళ్లిళ్లవీ గృహప్రవేశాలవీ. నేనిచ్చినవి వేరు. మా చిన్న మావయ్య అమెరికాలో ఉన్న రోజుల్లో, అక్కడి టీవీల్లో పొద్దుపోయాక పునఃప్రసారమయ్యే పాత కుటుంబ హాస్య ధారావాహికలను రికార్డు చేసి, సెలవులకు వచ్చినప్పుడల్లా సూట్‌కేసులో చీరల మడతల మధ్య పెట్టి తెచ్చేవాడు. టి-120 క్యాసెట్టులో మామూలు వేగంతో రెండు గంటల బొమ్మే పడుతుంది. మావయ్య పొదుపరి కాబట్టి అన్నిటికన్నా నెమ్మది వేగం పెట్టి ఆరు గంటలు పట్టించాడు, అందువల్ల బొమ్మ మొదటినుంచీ కాస్త పలచగానే ఉండేది. దీనికి తోడు ఆయనకొక పిచ్చి ఉండేది: ఒకే నటి ఇద్దరుగా కనిపించే భాగాలనే ఏరి ఏరి రికార్డు చేసేవాడు. మనిషిని పోలిన మనుషులు ఏడుగురుంటారంటారు కదా, వాళ్లను అమెరికాలో వెతుకుతున్నానని మా అమ్మతో అనేవాడు.

2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను నాడు మా అటక మీదికి నీరు దిగింది. క్యాసెట్లను ఎండబెట్టి మళ్లీ అక్కడే పెట్టాము, అది మా తెలివితక్కువతనం. ఈ ఏడాది తీసి చూస్తే టేపు చుట్ట అంచుల మీద తెల్లని బూజు పొడి పొడిగా పేరుకొని ఉంది. దుకాణదారు దాన్ని చూసి యంత్రంలో పెట్టలేదు. మరలు విప్పి, డొల్ల తెరిచి, స్పిరిట్ అద్దిన మెత్తని గుడ్డను టేపుకు రెండు వైపులా ఆనించి, చేత్తో చుట్టు చుట్టుగా తిప్పుతూ తుడిచాడు. ఒక్కో క్యాసెట్టుకు గంటకు పైగా పట్టింది. బూజు పట్టిన టేపును అలాగే తిప్పితే వీసీఆర్ హెడ్డు చెడిపోవడమే కాక, ఆ తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్టుకూ బూజు అంటుకుంటుంది; ఈ సంగతి తెలిసి జాగ్రత్త పడేవాళ్లు ఇప్పుడు అరుదు. ఈ ఒక్క పనికే ఆయనకు నేను నూటికి నూరు మార్కులు వేస్తాను.

మార్కులు తగ్గేది ఆ తర్వాతి పనిలో. పోలిక మనుషుల కథలున్న క్యాసెట్లు కాకపోయి ఉంటే ఆ లోపాలు నా కంటపడి ఉండేవి కావేమో కూడా. కిష్కింధాకాండలో వాలీ సుగ్రీవులు కలబడినప్పుడు, ఇద్దరిలో ఎవరెవరో తెలియక రాముడు బాణం వేయలేకపోయాడు. రెండోసారి యుద్ధానికి పంపేటప్పుడు సుగ్రీవుడి మెడలో గజపుష్పి తీగను మాలగా వేయించాడు. దమయంతి స్వయంవరంలో ఐదుగురు నలులు వరుసగా కూర్చుంటే, రెప్పపాటూ చెమటా కాళ్ల కింది నేలా చూసి ఆమె అసలు నలుణ్ణి పట్టుకుంది. ఏ కాలంలోనైనా, ఏ దేశంలోనైనా ఈ తరహా కథ అంతా ఒక చిన్న గుర్తు మీద నిలబడి ఉంటుంది. బొమ్మను పాత యంత్రం నుంచి కొత్త యంత్రానికి మార్చేటప్పుడు ఆ గుర్తు చెరిగిపోతే, మిగిలిన బొమ్మ ఎంత మెరిసినా కథ నశించినట్టే.

మొదటి దెబ్బ పాటీ డ్యూక్ షోకు తగిలింది. 1963 నుంచి 1966 వరకు ఏబీసీ ఛానల్లో వచ్చిన ఈ నలుపు తెలుపు ధారావాహికలో పాటీ లేన్, కాథీ లేన్ అనే ఇద్దరమ్మాయిలనూ పాటీ డ్యూక్ ఒక్కతే పోషించింది. పదహారేళ్లకే ఆస్కార్ అందుకున్న నటి ఆమె. పాటీ న్యూయార్కు నగరంలోని బ్రూక్లిన్ హైట్స్‌లో పెరిగిన అల్లరి పిల్ల, కాథీ స్కాట్లాండు నుంచి వచ్చిన నెమ్మదస్తురాలు. వాళ్ల తండ్రులు కవల అన్నదమ్ములు, ఆ తండ్రులిద్దరినీ మళ్లీ విలియం షాలర్ట్ ఒక్కడే వేశాడు. అన్నదమ్ముల పిల్లలు అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండడమే ఆ ధారావాహికకు మూలమైన వింత. అమెరికా ప్రేక్షకులకు అది ఎంత వింతో గాని మా అమ్మకు మాత్రం అందులో వింతేమీ కనిపించలేదు. "అన్నదమ్ముల పిల్లలంటే అక్కచెల్లెళ్లే కదరా, పోలిక రాక ఎక్కడికి పోతుంది?" అనేది. వరుసల లెక్కలో అమ్మ మాట న్యాయమైనదే, విజ్ఞాన శాస్త్రం కూడా ఆమెవైపు కొంత మొగ్గుతుంది: ఒకే అండం నుంచి పుట్టిన కవలల పిల్లలు రక్తసంబంధంలో సవతి తోబుట్టువులంత దగ్గరివాళ్లు. అయితే సవతి తోబుట్టువులు కూడా అద్దంలో ప్రతిబింబాల్లా ఉండరు కాబట్టి, ఆ మిగిలిన దూరాన్ని రచయితలు నవ్వులతో నింపారు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. అయినా తెర మీదికి ఎవరు వచ్చినా అరక్షణంలో "ఇది పాటీ, ఇది కాథీ" అని చెప్పేది. నేను యాసను బట్టి పోల్చుకోవడానికి తంటాలు పడుతుంటే, ఆమె జుట్టు కొసలు చూసేది. పాటీ జుట్టు కొసలు భుజాల దగ్గర బయటికి వంపు తిరిగి ఉంటాయి, కాథీ కొసలు లోపలికి ముడుచుకొని ఉంటాయి. ఇదే ఆ కథకు గజపుష్పి మాల.

దుకాణదారు నాకిచ్చిన మొదటి పెన్‌డ్రైవ్‌లో ఆ మాల లేదు. పాత టీవీ బొమ్మ వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు. ఇప్పటి టీవీ తెర వెడల్పు పదహారైతే ఎత్తు తొమ్మిది. పక్కల నల్లని పట్టీలు మిగిలితే ఖాతాదారులు "సగం బొమ్మే వచ్చిందేం?" అని పోట్లాడతారట, అందుకని ఆయన ప్రతి బొమ్మనూ తెర నిండేలా పెద్దది చేసి పైనా కిందా కోసేస్తున్నాడు. అలా కోస్తే ఎత్తులో సరిగ్గా నాలుగో వంతు పోతుంది. పెళ్లి వీడియోలో పందిరి గుంజ పోయినా ఎవరికీ పట్టదు. ఇక్కడ మాత్రం ఇద్దరమ్మాయిలూ ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే దగ్గరి బొమ్మల్లో పైన నుదురూ కింద జుట్టు కొసలూ పోయి, కళ్లూ ముక్కూ నోరూ మాత్రమే మిగిలాయి. ఎనభై దాటిన మా అమ్మ కాసేపు చూసి, "ఇద్దరూ ఒకత్తేలా ఉన్నారేమిట్రా?" అని అడిగింది. ఇన్నేళ్లలో ఆ ప్రశ్న ఆమె నోట నేను వినడం అదే మొదటిసారి.

నేను తిరిగి వెళ్లి విషయం చెబితే దుకాణదారు వాదించలేదు. కంప్యూటర్‌లో అసలు బొమ్మనూ కోసిన బొమ్మనూ పక్కపక్కన పెట్టి చూసుకొని, "పట్టీలుంటే ఉండనీండి మాస్టారూ, పిల్ల తల తెగకూడదు" అన్నాడు. ఆ నాలుగు గంటల పనినీ మళ్లీ డబ్బు తీసుకోకుండా చేశాడు. ఆయన్ను నేను తప్పుపట్టేది ఒక్క విషయంలోనే. ఖాతాదారును ముందుగా ఒక మాట అడిగి ఉంటే ఆ శ్రమ ఇద్దరికీ తప్పేది.

ఆ రోజే మరో ముచ్చట జరిగింది. ఇద్దరు పాటీలు ఒకే గదిలో ఉన్న ఒక దృశ్యాన్ని ఆయన ఆపి, తెర మధ్యలో తలుపు చట్రం మీద వేలు పెట్టి, "అతుకు ఇక్కడుంది చూడండి" అన్నాడు. చూస్తే నిజమే. చట్రానికి ఎడమవైపు గోడ నిలకడగా ఉంది, కుడివైపు గోడ మాత్రం వెంట్రుకవాసి వణుకుతోంది. కెమెరా కటకంలో సగం మూసి నటిని ఒకవైపు నడిపించి, ఫిల్మును వెనక్కి చుట్టి, మూసిన సగం తెరిచి, రెండో సగం మూసి, ఆమెనే వేషం మార్చి రెండోవైపు నడిపించడం ఆనాటి పద్ధతి. రెండుసార్ల నడుమ కెమెరా కదిలితే అతుకు బయటపడుతుంది. అందుకే తెర మధ్యలో తలుపో స్తంభమో తప్పక ఉంటాయి, ఇద్దరిలో ఎవరూ ఆ గీత దాటరు. చెయ్యి చెయ్యి కలపవలసి వస్తే వీపు మాత్రమే కనిపించే మరొక అమ్మాయిని నిలబెడతారు. పాటీ డ్యూక్‌కు అలా వీపు అరువిచ్చిన అమ్మాయి రీటా మెక్‌లాఫ్లిన్. మన దగ్గర ఎన్టీఆర్ ద్విపాత్రలకు కైకాల సత్యనారాయణ డూపుగా నిలబడిన తీరు కూడా ఇలాంటిదే. ప్రేక్షకుల ఎదుట నాటకంలా ఆడి చిత్రీకరించే హాస్య ధారావాహికల్లో ఈ కిటుకు కుదరదు కాబట్టి, ఇద్దరుగా కనిపించే దృశ్యాలను విడిగా తీసి, నవ్వులు తర్వాత అతికిస్తారు.

దుకాణదారుకు ఈ సంగతులు పుస్తకాల వల్ల తెలిసినవి కావు. 1990ల్లో ఆయన పెళ్లి వీడియోలకు మిక్సింగ్ చేసేవాడు. పెళ్లికూతురు పూలబుట్టలోంచి ఒకసారి, అరచేతిలోంచి ఒకసారి, చంద్రుడి పక్కన ఒకసారి, మొత్తం మీద ఒకే తెర మీద నాలుగుచోట్ల కనిపించే ఆ వీడియోలు ఉత్తరాంధ్రలో పెరిగిన వారెవరూ మరిచిపోయి ఉండరు. ద్విపాత్రాభినయమంటే ఆ అమాయక పెళ్లికూతుళ్లది, నిజానికి చతుష్పాత్రాభినయం.

రెండో దెబ్బ ఐ డ్రీమ్ ఆఫ్ జీనీకి తగిలింది. 1965 నుంచి 1970 వరకు ఎన్‌బీసీలో వచ్చిన ఈ ధారావాహికలో వ్యోమగామికి దొరికిన సీసాలోంచి వచ్చే జీనీగా బార్బరా ఈడెన్ నటించింది. తర్వాతి కాలంలో జీనీకి ఒక గడుసు అక్కచెల్లెలిని పుట్టించి, ఆ వేషం కూడా ఆమెకే ఇచ్చారు. మన జీనీది బంగారు జుట్టు, గులాబీ రంగు దుస్తులు. వచ్చినావిడది నల్లని జుట్టు, ఆకుపచ్చ దుస్తులు. నాకిచ్చిన ఫైల్లో గులాబీ లేదు, ఆకుపచ్చ లేదు, ఇద్దరివీ బూడిద రంగు బట్టలే. జుట్టును బట్టి పోల్చుకోవచ్చని అనుకునేరు. ఆ వచ్చినావిడ జీనీలా వేషం వేసుకున్న చోట ఆ దారీ మూసుకుపోతుంది.

కారణం సులభమైనదే. అమెరికా క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ పద్ధతివి, వాటి బొమ్మలో 525 గీతలుంటాయి. మన దేశంలో వాడింది పాల్ పద్ధతి, దీనిలో 625. రంగును పొదిగే తీరు కూడా వేరు. దుకాణంలో రెండు యంత్రాలున్నాయి. రెండు పద్ధతులనూ చదివే యంత్రం ఆ రోజు మరమ్మతుకు వెళ్లింది, కుర్రవాడు రెండోదానిలో పెట్టి ఏదో సర్దుబాటు చేసి లాగించాడు. బొమ్మ వచ్చింది గాని రంగు రాలేదు. పాటీ డ్యూక్ షో అసలే నలుపు తెలుపు కాబట్టి అదే పొరపాటు దాని విషయంలో జరిగినా ఎవరికీ తెలిసేది కాదు. జీనీ కూడా తొలి ఏడాది నలుపు తెలుపే, అక్కచెల్లెలు రావడం మాత్రం రంగులు వచ్చాకే. వాదన లేకుండా మళ్లీ చేసి ఇచ్చారు, రంగులు బాగానే వచ్చాయి. ఎరుపు కాస్త పక్కకు కారినట్టు ఉంటుంది, అది మావయ్య పొదుపు ఫలితం, దుకాణం తప్పు కాదు.

బివిచ్డ్ క్యాసెట్టు విషయంలో చెప్పుకోదగ్గ ఫిర్యాదేమీ లేదు, అయినా ఆ ధారావాహిక గురించి రెండు మాటలు రాయకుండా ఉండలేను. 1964 నుంచి 1972 వరకు సాగిన ఈ మంత్రగత్తె ఇల్లాలి కథలో ఎలిజబెత్ మాంట్‌గోమరీ సమంతగానూ, ఆమె బంధువు సెరీనాగానూ నటించింది. చివరి కొన్నేళ్లలో పేర్ల పట్టికలో సెరీనా వేషధారి పేరును పాండోరా స్పాక్స్ అని వేసేవారు. కష్టాలన్నీ దాచిన పెట్టె మూత తీసిన గ్రీకు పాండోరా మీద అదొక చమత్కారం. నటి తనను తానే దాచుకున్న ఆ చిన్న అల్లరి నాకెంతో నచ్చుతుంది. అదే ధారావాహికలో దీనికి తలకిందులైన వింత కూడా ఉంది: సమంత భర్త డారిన్ వేషాన్ని 1969 వరకు డిక్ యార్క్ వేశాడు, వెన్నునొప్పి వల్ల ఆయన తప్పుకుంటే డిక్ సార్జెంట్ వచ్చాడు, ఇంట్లో ఎవరూ ఏమీ జరగనట్టే కాఫీ తాగారు. వాళ్ల కూతురు టబితాగా కవల పిల్లలను పెట్టుకున్నారు. పసిపిల్లలను రోజుకు కొద్ది గంటలకు మించి పని చేయించకూడదన్న చట్టం ఉండడంతో, ఒకరు అలిసిపోతే మరొకరిని తెర మీదికి తెచ్చేవారు. అంటే ఒకే ఇంట్లో ఒక నటికి రెండు వేషాలు, ఒక వేషానికి ఇద్దరు నటులు, ఒక పాపకు ఇద్దరు పాపలు.

మనకు మాత్రం ఈ తలకిందులు కొత్తదా? జెమినీ టీవీలో 2001 నుంచి 2007 వరకు వచ్చిన అమృతంలో అమృతరావు వేషాన్ని శివాజీ రాజా, నరేశ్, హర్షవర్ధన్ వేర్వేరు కాలాల్లో వేశారు. పక్కన ఆంజనేయులుగా గుండు హనుమంతరావు మాత్రం కదలకుండా ఉన్నారు కాబట్టి, ఎదురుగా ఉన్నది ఎవరైనా ఆయన "అమృతం" అని పిలిస్తే చాలు, మనం నమ్మేశాము. ఆదివారం రాత్రులు మేమే రికార్డు చేసుకున్న రెండు క్యాసెట్లు దుకాణదారు అరపూటలో చేసిచ్చాడు, ఒక్క లోపం లేదు. పాల్ పద్ధతి, మామూలు వేగం, బూజు తక్కువ. బొమ్మకన్నా ముందు అక్కడి కుర్రవాళ్లు నవ్వడం మొదలుపెట్టడంతో పని కాస్త ఆలస్యమైందంతే.

స్మాల్ వండర్ గురించి ఎక్కువ రాయను. రోబో పిల్ల విక్కీకి వనెస్సా అనే దుష్ట జంట ఉన్న భాగాలు క్యాసెట్టులో ఉన్నాయి, హిందీలో వచ్చినప్పుడు మా పిల్లలు వాటిని ఎగబడి చూశారు. నాకు మాత్రం ఆ మంచి-చెడు జంట ఎప్పుడూ చప్పగానే అనిపిస్తుంది. ఒకే ముఖానికి మంచిని ఒకవైపు, చెడును మరొకవైపు పూసేస్తే ప్రేక్షకుడికి పోల్చుకునే పని ఉండదు. పాటీ కాథీలిద్దరూ మంచివాళ్లే, అలవాట్లే వేరు. కాబట్టి ఒకరి బదులు మరొకరు బడికి వెళ్లినప్పుడు పట్టుబడతారేమోనన్న భయం మనకూ పడుతుంది. ఇదే ఊళ్లో 1892లో తొలిసారి ఆడిన కన్యాశుల్కంలో, కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడపిల్ల వేషం వేసి లుబ్ధావధాన్లకు పెళ్లికూతురిగా అంటగట్టినప్పుడు ప్రేక్షకుడి గుండె కొట్టుకునేది కూడా ఆ భయంతోనే. అక్కడున్నది ఒకే శరీరం, రెండు పేర్లు. ఇక్కడున్నవి రెండు శరీరాలు, ఒకే ముఖం. పట్టుబడే క్షణం కోసం ఎదురుచూడడం మాత్రం రెండు చోట్లా ఒక్కటే.

ఇక ధర సంగతి. క్యాసెట్టుకు 300 రూపాయలు, బూజు తుడిస్తే మరో 150, పెన్‌డ్రైవ్ మనదే. ఆరు గంటల క్యాసెట్టుకూ రెండు గంటలదానికీ ఒకే ధర తీసుకోవడం ఆయనకే నష్టమని నేను చెప్పాను, నవ్వి ఊరుకున్నాడు. సమయం మాత్రం నమ్మవద్దు. "రెండ్రోజుల్లో ఇచ్చేస్తాం" అన్న మాటకు అర్థం పది రోజులు, సిరిమానోత్సవం ముందూ పెళ్లిళ్ల కాలంలోనూ మరీ ఎక్కువ. మెట్లు నిటారుగా ఉన్నాయి, పట్టుకోవడానికి కమ్మీ లేదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద మందుల దుకాణం దగ్గర నిలబడి ఫోన్ చేస్తే కుర్రవాడే దిగి వచ్చి సంచీ తీసుకుంటాడు. ఫైళ్లకు పేర్లు పెట్టేటప్పుడు తేదీలు కాక క్యాసెట్టు మీద రాసిన మాటలే పెట్టమని గట్టిగా చెప్పుకోవాలి.

చెప్పినా ఒక్కోసారి ఫలితం ఉండదు. మావయ్య రెండు వేర్వేరు క్యాసెట్ల మీద ఒకే సిరాతో "పాటీ - 2" అని రాసి పెట్టాడు. ఒకదాని మీద 3 అని రాయబోయి మరిచిపోయాడని ఇప్పుడు తెలుస్తోంది. పెన్‌డ్రైవ్‌లో రెండు ఫైళ్లున్నాయి, రెంటి నిడివీ ఆరు గంటలే. నేను ఒకదాని తర్వాత మరొకటి చూస్తూ కూర్చుంటే, రెండో దానిలో మూడో భాగం దగ్గర అమ్మ "ఇది నిన్ననే చూశాం కదరా" అంది. కుర్రవాడు ఒకే క్యాసెట్టును రెండుసార్లు ఎక్కించాడు. దుకాణానికి వెళ్లి అడిగితే వాడు రెండు క్యాసెట్లనూ రెండు చేతుల్లో పట్టుకొని చాలాసేపు తేరిపార చూసి, "రెండూ ఒకలాగే ఉంటే ఒకదాన్నే మళ్లీ పెట్టీసాను మాస్టారూ, ఏది పెట్టానో ఇప్పుడు నాకూ తెలీదు" అన్నాడు. యంత్రంలో పెట్టి చూసి, ఎక్కించనిది ఏదో తేల్చుకున్నాము. దానికి, అమ్మ ఇచ్చి పంపిన పసుపు దారం రెండు చుట్లు చుట్టి ముడివేసి, వాడి చేతికే ఇచ్చి వచ్చాను. గురువారం రమ్మన్నాడు.